సెల్ఫ్ మార్చే ముందు ఆ ఎర్త్ వైరు ఒకసారి చూడండి

తాడిపత్రి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయట పెట్టవద్దన్నారు. ఉత్తరం పెద్దది, అవసరమైన సంగతులేవీ పోకుండా కుదించి చెప్తాను.

వాళ్ళింట్లో 2008 మోడల్ బొలెరో డీజిల్ బండి ఉంది. మామగారు చీనీ తోట చూసుకునే రోజుల్లో కొన్నారు. ఇప్పుడు ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి, సోమవారం, గురువారం అనంతపురంలో డయాలసిస్. భర్తకు బెంగళూరులో ఉద్యోగం, నెలకు రెండుసార్లు వస్తారు. కాబట్టి ఆసుపత్రికి బండి నడిపేది ఈమే. పోయిన ఎండాకాలం క్లచ్ ప్లేట్ అరిగిపోతే, మామగారి పాత స్నేహితుడి షెడ్డులో మార్పించారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు సెల్ఫ్, అంటే తాళం తిప్పగానే ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు, మెల్లగా తిరగడం మొదలైంది. బ్యాటరీ పోయిందన్నారు, 7,200 పెట్టి కొత్తది వేయించారు. ఒక నెల బాగుంది, మళ్ళీ మొదటికి వచ్చింది. మధ్యలో యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుపోతే అదీ మార్చారు. తర్వాత సెల్ఫ్ మోటారు విప్పి కార్బన్లు, బుష్‌లు మార్చి రీకండిషన్ చేశారు, 2,500 అయింది. తేడా లేదు. ఇప్పుడు కొత్త సెల్ఫే వేయాలంటున్నారు, 9,000 అవుతుందట.

బండి రెండు మూడు రోజులు ఆగితే పొద్దున్నే "గుర్... గుర్..." అని నీరసంగా తిరిగి ఎలాగో స్టార్ట్ అవుతుంది. గంట ప్రయాణం చేసి మందుల షాపు దగ్గర పది నిమిషాలు ఆపితే అప్పుడూ అంతే, వేడి మీద ఇంకా ఎక్కువ మొరాయిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైట్లు మాత్రం పెద్దగా తగ్గవు. ఆ భయంతో ఈమె పెట్రోల్ బంకులో కూడా ఇంజిన్ ఆపడం లేదు, అక్కడి పిల్లలు గొడవ చేస్తున్నారు. షెడ్డులో ఏమైనా అడిగితే "మీకెందుకమ్మా ఇవన్నీ, మీ ఆయన్ని ఫోన్ చేయమనండి" అంటున్నారు. భర్తేమో బండి అమ్మేసి ఈఎంఐలో కారు తీసుకుందాం అంటున్నారు. ఇవన్నీ వింటున్న మామగారు "నా కోసమే కదా ఈ తిప్పలు, వారానికి ఒకసారి పోదాంలే" అన్నారట. ఆ మాట దగ్గరే ఈమెకు నిద్ర పోయింది. కొత్త సెల్ఫ్ వేయించాలా, బండి అమ్మేయాలా, అసలు మెకానిక్ మోసం చేస్తున్నాడా? ఇవీ ప్రశ్నలు.

టీచరమ్మా, ముందు మామగారి మాట సంగతి చూద్దాం. డయాలసిస్ వారానికి ఎన్నిసార్లు అన్నది డాక్టరు నిర్ణయించేది. బండి బాగుందా లేదా అన్నదానికీ దానికీ సంబంధం పెట్టకండి. ఒక్కటి తప్పినా ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. ఆ విషయం ఆయనకు మీరు చెప్తే మొహమాటంగా వింటారేమో, ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరు చేతో, అక్కడి సిస్టర్ చేతో చెప్పించండి. ఆయన ముందు బండి ఖర్చుల లెక్కలు మాట్లాడకండి. ఫోన్లో మీ ఆయనతో మాట్లాడేటప్పుడు కూడా పక్క గదిలోంచి వినబడుతుంటుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక బండి. మీరు మామూలుగా రాసుకుంటూ పోయిన మూడు మాటలు నన్ను ఆపేశాయి. ఒకటి, ఇదంతా క్లచ్ పని తర్వాత మొదలైంది. రెండు, యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుపోయింది. మూడు, సెల్ఫ్ కొట్టేటప్పుడు లైట్లు తగ్గడం లేదు. ఈ మూడూ విడివిడిగా చూస్తే ఏమీ కాదు. కలిపి చూస్తే మాత్రం నా వేలు సెల్ఫ్ మోటారు మీదికి పోదు, ఇంజిన్ ఎర్త్ వైరు మీదికే పోతుంది.

ఎందుకో చెప్తాను. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు సెల్ఫ్‌కు పోతుంది, అది అందరికీ కనిపిస్తుంది. ఆ కరెంటు మళ్ళీ బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావాలి, ఆ దారి గురించి ఎవరూ ఆలోచించరు. సెల్ఫ్ మోటారు ఒళ్ళంతా ఇంజిన్‌కు, గేర్ బాక్సుకు బిగించి ఉంటుంది. కానీ ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు గుండా కరెంటు పోదు. అందుకే ఇంజిన్ నుంచో, గేర్ బాక్సు నుంచో ఛాసిస్‌కు, బ్యాటరీ మైనస్‌కు ఒక లావు వైరు గానీ జడలాగా అల్లిన రాగి పట్టీ గానీ బిగిస్తారు. ఏ బోల్టుకు అన్నది బండిని బట్టి మారుతుంది. క్లచ్ ప్లేట్ మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి. దించేటప్పుడు ఆ ఎర్త్ విప్పాల్సి వస్తుంది. తిరిగి ఎక్కించేటప్పుడు దాన్ని తుప్పు మీదో, పెయింటు మీదో, గ్రీజు మీదో బిగించినా, సగం బిగించి వదిలేసినా, అసలు మర్చిపోయినా బండి ఆ రోజు స్టార్ట్ అవుతుంది. ఎవరికీ అనుమానం రాదు. ఇది చాలా షెడ్డుల్లో జరిగేదే.

ఆ దారి సరిగా లేనప్పుడు కరెంటు ఊరుకోదు, ఇంజిన్‌కూ బాడీకీ మధ్య లోహంతో ఉన్న ఏ దారి దొరికితే ఆ దారిన పోతుంది. యాక్సిలరేటర్ కేబుల్ లోపల స్టీలు తీగ ఉంటుంది కదా, దాని గుండా పోతే ఆ సన్న తీగ కాలిపోయేంత వేడెక్కుతుంది, లోపలి ప్లాస్టిక్ పూత కరిగి కేబుల్ పట్టేస్తుంది. పాత బళ్ళలో కేబుల్ కారణం లేకుండా బిగుసుకుంటే అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ ముందు ఎర్త్ చూస్తాడు. మీరు మార్చిన పాత కేబుల్ షెడ్డులో ఇంకా పడి ఉంటే చివర్లు చూడండి, కమిలిన మచ్చలో, కరిగిన ప్లాస్టిక్కో కనిపిస్తే అనుమానం బలపడ్డట్టే. ఒట్టిగా దుమ్ము పట్టి, తుప్పు పట్టి కూడా కేబుల్ బిగుసుకుంటుంది, తాడిపత్రి నాపరాళ్ళ దుమ్ములో అది మరీ మామూలు. అందుకే అనుమానం అంటున్నాను, తేల్చి చెప్పడం లేదు.

లైట్ల సంగతి చూడండి. రెండు హెడ్‌లైట్లు కలిపి 10 ఆంపియర్లు తీసుకుంటాయి. డీజిల్ బండి సెల్ఫ్ తిరిగేటప్పుడు 200, ఒక్కోసారి 300 ఆంపియర్లు పైన తీసుకుంటుంది. అందుకే "లైట్లు బాగా వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ మంచిదే" అనే మాటకు విలువ లేదు. కానీ సెల్ఫ్ కొడుతున్న ఆ క్షణంలో లైట్లు ఏమవుతున్నాయి అన్నదానికి చాలా విలువ ఉంది. లైట్లు బాగా మసకబారి సెల్ఫ్ మెల్లగా తిరిగితే బ్యాటరీలో బలం లేదు, లేదంటే సెల్ఫ్ అతిగా లాగేస్తోంది. లైట్లు అలాగే ఉండి సెల్ఫ్ మాత్రం నీరసంగా తిరిగితే, బ్యాటరీలో బలం ఉంది కానీ అది సెల్ఫ్ దాకా చేరడం లేదు. మీ తోటలో ట్యాంకు నిండా నీళ్ళున్నా డ్రిప్ ఫిల్టరులో మట్టి పట్టేస్తే చెట్టుకు చుక్క పడదు కదా, అలాగన్నమాట. ట్యాంకు మార్చారు, చెట్టు దగ్గర డ్రిప్పర్ కూడా మార్చారు, మధ్యలో ఉన్నది ఇంకా ఎవరూ చూడలేదు.

మరి రెండు రోజులు ఆగితే బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది? ఇక్కడే అసలు చిక్కు. డైనమో కూడా ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. అది బ్యాటరీని ఛార్జ్ చేయాలన్నా కరెంటు అదే ఎర్త్ వైరు గుండా పోవాలి. ఆ జాయింటులో ఒక ఓంలో నూరో వంతు అడ్డంకి ఉందనుకోండి. డైనమో 30 ఆంపియర్లు పంపేటప్పుడు అక్కడ 0.3 వోల్టు పోతుంది. ఛార్జింగులో ఆ 0.3 వోల్టు చిన్నది కాదు, బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. అదే అడ్డంకి మీద సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగితే 2 వోల్టులు పోతాయి. ఉన్న 12లో 2 అక్కడే పోతే సెల్ఫ్ మెల్లగా తిరగక ఏం చేస్తుంది? కొత్త బ్యాటరీ వేసిన నెలలో బాగుండటం, తర్వాత మళ్ళీ చతికిలబడటం దీనికి సరిపోతుంది. కొత్త బ్యాటరీ నిండుగా వచ్చింది, ఆ బలంతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది, సగం కడుపుతోనే తిరుగుతూ తిరుగుతూ నీరసించింది.

వేడి మీద ఎక్కువ మొరాయించడానికి కారణం వేరే. రాగి తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, 50 డిగ్రీలు పెరిగితే దాదాపు 20 శాతం. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో బయటే 40 దాటుతుంది, బానెట్ కింద సంగతి చెప్పక్కర్లేదు. దారి బాగున్న బండి దాన్ని తట్టుకుంటుంది. ముందే 2 వోల్టులు పోగొట్టుకుంటున్న బండి తట్టుకోలేదు. సెల్ఫ్ బుష్‌లు అరిగి లోపల తిరిగే భాగం (ఆర్మేచర్) పక్కకు ఒరిగి రాసుకుంటున్నా వేడి మీద ఇలాగే చేస్తుంది, అది నిజం. మీ మెకానిక్ సెల్ఫ్‌ను అనుమానించింది అందుకే. "వేడి మీద సెల్ఫ్ తిరగట్లేదు" అన్న ఒక్క మాట వింటే పదిమందిలో ఎనిమిదిమంది సెల్ఫే విప్పుతారు. మీ ఉత్తరంలో మోసం ఉందని నాకు అనిపించలేదు. కొలవకుండా మార్చడం ఉంది, అది వేరే జబ్బు, దానికీ ఖర్చు మీదే.

కాబట్టి మొదటి దారి, ఏమీ కొనకముందు కొలవడం. డిజిటల్ మల్టీమీటరు అనంతపురంలో ఎలక్ట్రికల్ షాపుల్లో 300 నుంచి 500కు దొరుకుతుంది. మీరే చేయొచ్చు, ఇందులో బలం పని లేదు. తాళం తిప్పడానికి ఇంకొక మనిషి ఉండాలి. బంగారు గాజులు, ఉంగరాలు తీసేయండి. బ్యాటరీ మీద లోహం అడ్డంగా పడితే చెయ్యి కాలిపోతుంది, ఇది భయపెట్టడానికి చెప్పడం కాదు. చీర కొంగో చున్నీనో నడుముకు గట్టిగా చెక్కుకోండి, ఫ్యాను దగ్గర పని. బ్యాటరీ దగ్గర ఎవరూ బీడీ, సిగరెట్ వెలిగించకూడదు. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి.

మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. పొద్దున్నే, బండి ముట్టుకోకముందు, బ్యాటరీ రెండు ముంతల (వైర్లు బిగించే సీసపు మొనల) మీద కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 అంటే పావు వంతే. ఆ నంబరు రాసుకోండి. అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి, తిరుగుతున్నప్పుడు ఎంత చూపిస్తోందో చూడండి. 10 పైన ఉండి కూడా మెల్లగా తిరిగితే తప్పు దారిలో ఉంది. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ గానీ సెల్ఫ్ గానీ.

మూడో కొలత ముఖ్యమైనది. మీటరు నల్ల కొన బ్యాటరీ మైనస్ ముంత మీద పెట్టండి, పైన బిగించిన క్లాంపు మీద కాదు, సీసపు ముంత మీదే. ఎర్ర కొన ఇంజిన్ మీద పెయింటు, జిడ్డు లేని లోహం మీద గట్టిగా ఒత్తి పట్టండి. సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 వోల్టు దాకా అయితే ఎర్త్ బాగుంది, నా అనుమానం తప్పు. 1 వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. స్టార్ట్ అయ్యాక బ్యాటరీ మీద మళ్ళీ కొలవండి, 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ప్లస్ వైరు కూడా ఇలాగే చూడాలి, బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు దాకా, అక్కడ 0.5 దాటకూడదు. కానీ దానికి బండి కిందికి దూరాలి, అది ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

ఒక హెచ్చరిక. మీటరు బీప్ మోడ్‌లో పెట్టి "ఇదిగో కుయ్‌మంటోంది, ఎర్త్ బాగానే ఉంది" అంటే ఒప్పుకోకండి. వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. 200 ఆంపియర్లు ఒక్క పోగు మోయలేదు. సెల్ఫ్ తిరుగుతుండగా చూసిన వోల్టులే లెక్క.

మీటరు గొడవ వద్దనుకుంటే ఇంకో పరీక్ష ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. జంపర్ కేబుల్ ఒక్కటి తీసుకుని ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండో కొన ఇంజిన్ మీద మంచి లోహానికి, ఇంజిన్ ఎత్తడానికి ఉండే కొక్కెం లాంటి దానికి, గట్టిగా తగిలించండి. మైనస్ అవునా కాదా అని రెండుసార్లు చూసుకోండి, పొరపాటున ప్లస్ ఇంజిన్‌కు తగిలితే పెద్ద షార్ట్. కేబుల్ ఫ్యానుకు, బెల్టుకు దూరంగా ఉండాలి. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఒక్కసారిగా హుషారుగా తిరిగిందంటే ఇంకేం వెతకక్కర్లేదు. 9,000 సెల్ఫ్ అక్కర్లేదు, కొన్ని వందల రూపాయల వైరు చాలు. అయితే జంపర్ కేబుల్ లావుగా ఉన్నది కావాలి. రోడ్డు పక్కన చవగ్గా అమ్మే వాటిలో పైన రబ్బరు లావు, లోపల రాగి సన్నం, వాటితో ఏమీ తేలదు. లారీల వాళ్ళ దగ్గర, బ్యాటరీ షాపుల్లో మంచివి ఉంటాయి, ఐదు నిమిషాల పనికి అడిగితే ఇస్తారు.

రెండో దారి, ఇవన్నీ మీరు చేయకుండా అనంతపురంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళడం. మెకానిక్ వేరు, ఆటో ఎలక్ట్రీషియన్ వేరు. మామగారిని డయాలసిస్‌కు కూర్చోబెట్టాక నాలుగు గంటల సమయం ఉంటుంది కదా, ఆ వ్యవధిలో అయిపోయే పని. వెళ్ళి "సెల్ఫ్ చూడండి" అనకండి, సెల్ఫే విప్పుతాడు. "క్రాంకింగులో ఎర్త్ డ్రాప్, ప్లస్ డ్రాప్ ఎంతుందో కొలిచి నంబర్లు చెప్పండి, ఆ తర్వాతే ఏదైనా విప్పండి" అనండి. క్రాంకింగు అంటే సెల్ఫ్ తిరగడం, డ్రాప్ అంటే ఆ దారిలో పోయే వోల్టులు. నంబర్లు కాగితం మీద రాయించుకోండి. ఖర్చు కాస్త అవుతుంది, కానీ మీ మీద భారం ఉండదు. షెడ్డులో మాదిరి "మీ ఆయన్ని పిలవండి" అన్నా మీరు కదలకండి. పగలూ రాత్రీ ఆ బండి నడిపేది మీరు, అది ఎప్పుడెలా తిరిగిందో చెప్పగలిగేది కూడా మీరే. ఈ ఉత్తరంలో మీరు రాసిన వివరాలు ఆ షెడ్డులో ఒక్కరైనా కూర్చుని విని ఉంటే ఇంత డబ్బు పోయేది కాదు.

మూడో దారి, మెకానిక్ చెప్పినట్టు కొత్త సెల్ఫ్. కొత్త సెల్ఫ్ తక్కువ కరెంటుతో బాగా తిరుగుతుంది కాబట్టి కొన్ని వారాలు బండి బాగుపడినట్టే ఉంటుంది. ఎర్త్ తప్పు అలాగే ఉంటే మళ్ళీ అదే కథ, ఈసారి క్లచ్ కేబులో, గేర్ బాక్స్ బేరింగో బలి కావచ్చు. ఎర్త్, ప్లస్ రెండూ కొలిచి బాగున్నాయని తేలి, బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి చూసే పరీక్ష) కూడా నెగ్గితే, అప్పుడు కొత్త సెల్ఫ్ వేయించడం న్యాయమే. రీకండిషన్ చేసినవి అన్నీ బాగా కుదరవు.

బండి ఆగినప్పుడు బ్యాటరీ దిగే విషయంలో ఇంకో చిన్న పరీక్ష. మీ ఆయన బండికి జీపీఎస్ ట్రాకరో, బయటి మ్యూజిక్ సిస్టమో పెట్టించారా? ఉత్తరంలో రాయలేదు. ఇలాంటివి తాళం తీసినా కరెంటు తాగుతుంటాయి. 0.05 ఆంపియరు దాకా పరవాలేదు. 0.3 లాగితే మూడు రోజుల్లో 20 ఆంపియర్ అవర్లకు పైగా పోతుంది, మీ బ్యాటరీలో పావు వంతుకు పైమాటే. సోమవారం వచ్చాక బ్యాటరీ మైనస్ క్లాంపు విప్పి పక్కన పెట్టండి, విప్పేటప్పుడు ఎప్పుడూ మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. గురువారం పొద్దున బిగించి స్టార్ట్ చేయండి. మామూలు కంటే హుషారుగా తిరిగితే ఏదో తాగుతున్నట్టు. తేడా లేకపోతే బ్యాటరీ నిండడమే లేదు, లేదా బ్యాటరీలోనే లోపం. కొత్త బ్యాటరీకి వారంటీ కార్డు ఉంటుంది, వెతికి పెట్టుకోండి. షాపులో ఒక రాత్రంతా బయటి ఛార్జరు మీద నింపించి, హైడ్రోమీటరుతో (బ్యాటరీ ఆసిడ్ చిక్కదనం కొలిచే గొట్టం) ఆరు గదులూ చూపించుకోండి. ఐదు గదులు 1240 దగ్గర ఉండి ఒకటి 1180 ఉంటే ఆ గది పోయినట్టు, వారంటీలో అడగొచ్చు.

నీళ్ళ మాట చెప్పకుండా ఉండలేను. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏదీ పోయకండి. మన జిల్లాలో బోరు నీళ్ళలో ఉప్పులు, ఫ్లోరైడు ఎంత ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. వాటర్ ప్లాంటు క్యాను నీళ్ళు కూడా వద్దు, తాగడానికి మంచివైనా బ్యాటరీకి మంచివి కావు. ఎండాకాలం నెలకోసారి మూతలు తీసి చూడాలి.

మెకానిక్‌తో ఎలా మాట్లాడాలి అన్నది మీరు సూటిగా అడగలేదు కానీ ఉత్తరమంతా అదే ఇబ్బంది కనిపిస్తోంది. మామగారి స్నేహితుడు, పైగా క్లచ్ పని చేసింది ఆయనే. "మీరే ఎర్త్ వదిలేశారు" అంటే ఇద్దరి మధ్య స్నేహం చెడుతుంది, ఆయన ఒప్పుకోనూ ఒప్పుకోడు. నంబర్లు చేతిలో పెట్టుకుని వెళ్ళి "అన్నా, గేర్ బాక్స్ దించినప్పుడు ఎర్త్ ఎక్కడ బిగించారో ఒకసారి చూపిస్తారా, అక్కడ ఒకటిన్నర వోల్టు పోతోందట" అనండి. ఆయనే దూరి చూస్తాడు, ఆయనే బిగిస్తాడు. రెండు చివర్లూ ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, వైరు నల్లబడి ఉంటే కొత్తది వేసి, బిగించాక పైన వాసెలిన్ గానీ గ్రీజు గానీ రాయమనండి. గ్రీజు బిగించాక పైన, ముందే లోపల పూయకూడదు. అయ్యాక అక్కడే మళ్ళీ కొలిపించండి. ఆయన వినిపించుకోకపోతే ఎలక్ట్రీషియన్ చేతే చేయించేసి ఊరుకోండి, ఆ విషయం మామగారి దాకా పోనక్కర్లేదు.

అమ్మకం గురించి నా అభిప్రాయం, ఈ తప్పు తేలకముందు ఆ నిర్ణయం తీసుకోవద్దు. సెల్ఫ్ సరిగా తిరగని బండిని చూడటానికి వచ్చినవాడు రేటు విరగ్గొడతాడు, అది ఎర్త్ వైరు వల్లేనని వాడికి అనవసరం. 2008 బండి అంటే 15 ఏళ్ళకు 2023లో ఆర్సీ రెన్యువల్ చేయించి ఉంటారు, మళ్ళీ 2028లో వస్తుంది. అప్పటిదాకా నడుస్తుందా, ఇంజిన్, ఛాసిస్ ఎలా ఉన్నాయి అన్నది చూసుకుని అమ్మాలనుకుంటే అమ్మండి. మీ ఆయన చెప్పేదాంట్లోనూ నిజముంది, మీరు ఒంటరిగా రోగిని తీసుకుని 18 ఏళ్ళ బండిలో పోతుంటే ఆయనకు బెంగళూరులో టెన్షన్ ఉంటుంది. కానీ డయాలసిస్, మందుల ఖర్చు నెలనెలా ఉన్నప్పుడు పక్కన ఈఎంఐ కూడా పెట్టుకుంటే, ఒక్క నెల జీతం ఆలస్యమైనా ఊపిరాడదు. ఆయనతో "అమ్మొద్దు" అని వాదించకండి, "ఇది తేలాక మాట్లాడుకుందాం" అనండి.

తేలేదాకా జాగ్రత్తలు. బంకులో ఇంజిన్ ఆపకుండా డీజిల్ పోయించుకోవడం ఇవాళ్టి నుంచే మానేయండి, వాళ్ళు గొడవ చేయడం న్యాయమే. ఆసుపత్రి రోజున కాకుండా ముందు రోజు, మామగారు బండిలో లేనప్పుడు ట్యాంకు నింపుకోండి. దారిలో మందుల షాపు దగ్గర కూడా ఆగకుండా ఆసుపత్రి మందులు అక్కడే తీసుకోండి. సెల్ఫ్ ఒక్కసారికి 10 సెకండ్లకు మించి కొట్టకండి, కొట్టాక కనీసం అర నిమిషం ఆగండి, లేకపోతే బాగున్న సెల్ఫ్ కూడా కాలుతుంది. ఇంటి దగ్గర వాలు ఉంటే అక్కడ ఆపుకోవచ్చు, చక్రానికి రాయి పెట్టి. అవసరమైతే తాళం ఆన్‌లో పెట్టి రెండో గేరులో తోయించి స్టార్ట్ చేసుకోవచ్చు, అయితే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్రేకు పెడల్ గట్టిబడి బ్రేకు సరిగా పడదు, మనుషులు, గోడలు లేని వాలు అయితేనే. మామగారిని అందులో కూర్చోబెట్టి మాత్రం తోయించవద్దు. ఊళ్ళో ఒక ఆటో, లేదా కారున్న ఒక ఇల్లు ముందే మాట్లాడి పెట్టుకోండి. 108 అత్యవసరానికి, దాన్ని ప్రతి వారం డయాలసిస్ ప్రయాణానికి నమ్ముకోలేరు. డయాలసిస్ అయ్యాక ఆయనకు బీపీ పడిపోయి నీరసంగా ఉంటుంది, ఎండలో నిలిచిపోయిన బండిలో కూర్చోబెట్టే పరిస్థితి రాకూడదు. కాబట్టి తిరుగు ప్రయాణంలో ముందు మీరు వెళ్ళి బండి స్టార్ట్ చేసుకుని, ఏసీ ఉంటే వేసుకుని, ఆ తర్వాతే ఆయన్ని గుమ్మం దగ్గరికి తీసుకురమ్మనండి.

కొలిచాక నాకు నాలుగు నంబర్లు రాసి పంపండి. పొద్దున బ్యాటరీ ఎంత, సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ ఎంత, ఇంజిన్ ఎర్త్ దగ్గర ఎంత పోయింది, స్టార్ట్ అయ్యాక ఛార్జింగ్ ఎంత. ఎర్త్ దగ్గర 0.3 లోపే వచ్చి, బ్యాటరీ మాత్రం 9కి పడిపోతే నేను సెల్ఫ్ వైపు తిరుగుతాను, అప్పుడు క్లాంప్ మీటరుతో సెల్ఫ్ ఎంత కరెంటు లాగుతోందో చూడాలి, ఎలా అడగాలో అప్పుడు రాస్తాను. రేడియేటర్ నీళ్ళు తగ్గుతున్నాయా అన్నది కూడా ఒక మాట రాయండి. హెడ్ గ్యాస్కెట్ లీకై సిలిండరులోకి నీళ్ళు దిగుతున్నా ఇంజిన్ బరువుగా తిరుగుతుంది, మీ లక్షణాలకు అది సరిపోదు కానీ అడగకుండా వదలలేను.